మిర్రర్ పడవ మరమ్మతు డైరీ: తడి ఆరేదాకా జిగురు లేదు

అక్టోబరు, రెండో వారం

పడవ ఇంటికి చేరింది. ఇంగ్లండులోని రెడింగ్‌లో మా గరాజు ఒక్క కారుకు మాత్రమే సరిపోతుంది కాబట్టి వచ్చే వేసవి దాకా కారు రోడ్డు మీదే ఉంటుంది. ఈ విషయమై ఇంట్లో ఒప్పందం ముందే కుదిరింది. వచ్చినది మిర్రర్ తరగతి చెక్క తెరచాప పడవ. పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.39 మీటర్లు, ముందుభాగం కోసుగా ఉండక అడ్డంగా కోసినట్టు చదునుగా ఉంటుంది. 1970లలో తన తండ్రి కిట్టు తెప్పించుకొని ఇంట్లోనే కట్టారని అమ్మినాయన చెప్పారు. గత కొన్నేళ్లుగా అది ఒక షెడ్డు వెనకాల, చిరిగిన టార్పాలిన్ కింద బోర్లా పడి ఉంది.

ఈ పడవ పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి, ఎందుకంటే మరమ్మతు ఎలా చేయాలన్నది అది ఎలా కట్టారన్నదాని మీదే ఆధారపడుతుంది. 1962లో జాక్ హోల్ట్ అనే పడవల రూపశిల్పి, బీబీసీలో ఇంటి మరమ్మతుల కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్న బారీ బక్‌నెల్ కలిసి దీన్ని రూపొందించారు. డైలీ మిర్రర్ పత్రిక వెనక నిలబడి, 1963 జనవరిలో లండన్ బోట్ షోలో దీన్ని జనం ముందుకు తెచ్చింది. ఆ పత్రిక రంగునే తెరచాపలకు ఇచ్చారు కనుక మిర్రర్ అంటే నేటికీ ఎర్ర తెరచాపలే గుర్తుకు వస్తాయి. మొదట్లో కిట్టు ధర 63 పౌన్లు 11 షిల్లింగులు. వడ్రంగం రానివాడు కూడా మామూలు పనిముట్లతో కట్టుకోగలగాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆ ఉద్దేశం నెరవేరిందనడానికి ఇప్పటిదాకా తయారైన 70,000 పైచిలుకు పడవలే సాక్ష్యం.

కట్టే పద్ధతి కుట్టుపని వంటిది. పలుచని ప్లైవుడ్ పలకల అంచుల్లో చిన్న రంధ్రాలు వేసి, రాగి తీగతో కుట్టి, ఆ అతుకు మీద గాజునార పట్టీ పరచి పాలియెస్టర్ రెజిన్‌తో తడిపితే అది గట్టిపడి పలకలను పట్టి ఉంచుతుంది. అడుగుకు రెండు పలకలు, పక్కలకు రెండు, ముందు ఒక ట్రాన్సమ్ (కొసను అడ్డంగా మూసే చదును పలక), వెనక ఒక ట్రాన్సమ్. లోపల మధ్యమధ్య అడ్డుగోడలు, వాటివల్ల ఏర్పడే మూతపడిన గాలి ట్యాంకులు. పడవ బోల్తా పడినా మునిగిపోకుండా తేల్చేవి ఆ ట్యాంకులే, లోపలికి చేరిన నీటిని ఏళ్ల తరబడి కనపడకుండా దాచిపెట్టేవీ అవే.

అక్టోబరు, చివరి వారం

రంగు గీకడం తరువాతి సంగతి, ముందు రోగమెక్కడుందో తెలుసుకోవాలి. స్క్రూడ్రైవర్ పిడితో పడవ అంతటా, బెత్తెడు బెత్తెడు దూరంలో తడుతూ వెళ్లాను. ఆరోగ్యంగా ఉన్న ప్లైవుడ్ టకటకమని బిగువుగా పలుకుతుంది. పొరలు విడిపోయిన చోట శబ్దం బోలుగా వస్తుంది. తడిసి మెత్తబడిన చోట శబ్దమే ఉండదు, పిడి ఊరికే ఆనుతుంది. ఇలా తడుతూ అనుమానం వచ్చిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టాను. తరువాత సూదులున్న తేమ మీటరు పట్టుకొని అవే చోట్లకు మళ్లీ వెళ్లాను. ఎండిన పలకల్లో 14, 15 శాతం చూపిస్తే, కుడివైపు వెనక మూలలో 28 దాటింది. కర్రను కుళ్లబెట్టే బూజు బతకడానికి సుమారు 20 శాతానికి మించిన తేమ కావాలి కాబట్టి, ఆ మూలను విప్పి చూడకుండానే ఒక నిర్ణయానికి రావచ్చు.

జబ్బు చేసిన చోట్లను కలిపి చూస్తే ఒక క్రమం కనబడింది. పడవను ఒడ్డుకు లాగేటప్పుడు ఒరుసుకుపోవడానికి అడుగున రెండు పక్కలా బిగించిన పొడవాటి పట్టీల మరలు (స్క్రూలు) ఉన్న చోట, చుక్కాని తగిలించే ఇత్తడి కొక్కేల బోల్టుల దగ్గర, ముందు డెక్కు మీద మాస్ట్ (తెరచాప స్తంభం) నిలిపే దిమ్మె చుట్టూ, డాగర్‌బోర్డు (పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దించే పలక) దిగే పెట్టె కింది అంచున కర్ర నల్లబడి ఉంది. అంటే నీళ్లు దూరింది పలకల మధ్యలో కాదు, ఎవరో ఎక్కడో కర్రకు రంధ్రం వేసిన ప్రతిచోటా. అడుగు పలకలు, ఎడమ పక్క మొత్తం, డెక్కులో మూడు వంతులు బాగానే ఉన్నాయి. కాబట్టి ఈ పడవను మళ్లీ కట్టాల్సిన పని లేదు. చెడినంత మేరకు తీసి అంతే కొత్తది పెట్టాలి, మిగతాదాన్ని కదపకూడదు.

పాత పడవ కొన్నవాళ్లకు ముందుగా వచ్చే సలహా ఒకటుంది: మొత్తం గీకేసి, బయటంతా గాజునార బట్ట పరచి ఎపాక్సీ జిగురు పూసేస్తే ఇక చింత ఉండదని. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. లోపల తడి ఉండగా బయట మూత వేస్తే ఆ తడికి బయటికి పోయే దారి ఉండదు. పైగా బరువు పెరుగుతుంది. ఈ తరగతి పడవ ఖాళీ తొట్టి కనీస బరువు 45.5 కిలోలు. స్నానాల గదిలోని తూకం యంత్రం ముందొకసారి, వెనకొకసారి పెట్టి తూచితే నాది 54 వచ్చింది. అందులో కొంత రంగు, కొంత నీరు. ఆ రెండింటినీ దించడమే మొదటి పని.

నవంబరు

ఇవాళ్టి దాకా చేసిన పనుల్లో నన్ను బాగా ఆకట్టుకున్నది పాత పట్టీ ఊడదీయడం. కుడి పక్క పలకా అడుగు పలకా కలిసే అతుకు మీద, వెనక ట్రాన్సమ్ నుంచి మూరెడు దూరం దాకా గాజునార పట్టీ కొద్దిగా పైకి లేచి ఉంది. హీట్‌గన్‌తో వేడి చేస్తూ, వెడల్పు ఉలి అంచును దాని కిందికి పోనిచ్చి నెమ్మదిగా లేపితే, పట్టీ తెగకుండా ఒకే ముక్కగా చేతికి వచ్చింది. దాన్ని తిరగేసి వెలుతురులో చూశాను. వెనక ట్రాన్సమ్ వైపు కొస అద్దంలా నున్నగా మెరుస్తోంది, దాని మీద ఒక్క కర్రపీచు కూడా లేదు. ఇవతలి కొసకు వచ్చేసరికి కర్రపీచులు దట్టంగా అంటుకొని ఉన్నాయి, అక్కడ లాగితే జిగురు వదలకుండా కర్రే చిరిగింది. ఈ రెంటి మధ్య జానెడు మేర పీచులు పలుచబడుతూ పోయాయి. నున్నగా ఉన్న చోట జిగురు ఎప్పుడో చచ్చిపోయింది, పీచున్న చోట ఇంకా బతికే ఉంది. పట్టీని ఎక్కడిదాకా తీయాలి, ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్నకు ఇంతకంటే నమ్మకమైన జవాబు ఏ మీటరూ ఇవ్వదు. పీచులు దట్టంగా కనబడ్డ చోటు దాటి మరో జానెడు తీసి, అక్కడ ఆపాను.

పట్టీ కింద రాగి తీగ కుట్లు వరసగా బయటపడ్డాయి. లోపలి పక్క మెలితిప్పిన కొసలను రెజిన్‌లోనే వదిలేశారు. కొన్ని ఇంకా రాగి రంగులోనే ఉన్నాయి, తడి తగిలినవి పచ్చగా చిలుమెక్కాయి. ఆ చిలుము ఎక్కడ మొదలైందో చూస్తే నీళ్లు ఎంతదూరం పాకాయో తెలిసిపోతుంది. కుట్టు దూరాలన్నీ సమానంగా లేవు. తొందరలో కుట్టిన చోట ఎడంగా, జాగ్రత్త పడ్డ చోట దగ్గరగా ఉన్నాయి. ఆ తండ్రి ఎవరోగాని మూలల దగ్గర మాత్రం ఎక్కడా తొందరపడలేదు.

పాలియెస్టర్ రెజిన్ ఆ రోజుల్లో చవక, త్వరగా గట్టిపడేది, పద్ధతి జనంలోకి వెళ్లడానికి అదే సాయపడింది. కాని అది గాజునారను పట్టుకున్నంత గట్టిగా కర్రను పట్టుకోదు, తడి తగిలితే వదిలేస్తుంది. అందుకే కొత్త అతుకులన్నీ ఎపాక్సీతోనే వేస్తున్నాను. గట్టిపడిన పాత పాలియెస్టర్‌ను బాగా గరుకు చేస్తే దాని మీద ఎపాక్సీ అంటుకుంటుంది. దీన్ని తిరగేసి, ఎపాక్సీ మీద పాలియెస్టర్ పూస్తే మాత్రం నమ్మడానికి లేదు. పాత పట్టీ చివరను పలుచగా దిగేలా రాకి, కొత్త పట్టీని దాని మీదికి ఎక్కించబోతున్నాను.

మెత్తబడిన ముక్కను కోసి తీసేశాక కుడి వెనక మూలలో అడుగు పలకకు అడుగు పొడవూ అరడుగు వెడల్పూ ఉన్న రంధ్రం పడింది. ట్రాన్సమ్ కింది అంచులో కూడా అరచేయంత పోయింది. ఉన్న రోగాన్ని బట్టి చూస్తే ఇది తక్కువే.

డిసెంబరు

ఈ నెల పని ఆరబెట్టడమే కనుక రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఇంగ్లండు చలికాలంలో గాలే తడిగా ఉంటుంది, తలుపు తీసి పెడితే కర్ర ఆరడానికి బదులు ఇంకా నానుతుంది. ట్యాంకుల మూతలన్నీ తీసి, పడవ మీద ప్లాస్టిక్ పట్టా గుడారంలా కప్పి, లోపల తేమ పీల్చే యంత్రాన్నీ నూనె నింపిన చిన్న కరెంటు హీటరునూ పెట్టాను. గ్యాసు, కిరోసిన్ హీటర్లు ఇక్కడ పనికిరావు. అవి మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది కాబట్టి ఒక చేత్తో ఆరబెడుతూ రెండో చేత్తో తడిపినట్టే. మూసిన గదిలో వాటి పొగ మనిషికి కూడా ప్రమాదం. యంత్రం తొట్టిలో చేరే నీళ్లు మొదట్లో రోజూ పారబోయవలసి వచ్చేది, ఇప్పుడు బాగా తగ్గాయి. మీటరులో 15 కంటే దిగువకు వస్తే తప్ప జిగురు డబ్బా మూత తీయకూడదని గోడ మీద రాసి పెట్టుకున్నాను.

కాకినాడ నుంచి నాన్నగారు వీడియో కాల్‌లో పడవను చూశారు. తాళ్లరేవు దగ్గర చెక్క పడవలు కట్టేవాళ్లను చిన్నప్పటి నుంచి చూసినవారు ఆయన. కాసేపు తొంగి తొంగి చూసి, “పక్కటెముకలేవిరా దీనికి?” అన్నారు. లేవని చెప్పాను. “మరి దేని మీద నిలబడుతుంది?” అని అడిగారు. సరిగ్గా అడగవలసిన ప్రశ్న అదే. మన వైపు పడవలో ముందు వెన్నుదూలం, పక్కటెముకలు నిలబెట్టి వాటి మీద పలకలు కొడతారు, లేదా పలకలు వంచాక లోపల పక్కటెముకలు బిగిస్తారు. ఏ పద్ధతైనా బరువు మోసేది ఆ చట్రమే. మిర్రర్‌లో చట్రమంటూ లేదు. పలుచని పలకలు వంగి, అంచుల వెంట అతుక్కొని, అడ్డుగోడలతో బిగుసుకొని, చర్మమే అస్థిపంజరం అవుతుంది. పలక ఒకచోట చిల్లుపడితే సరిచేసుకోవచ్చు కాని అతుకు ఒకచోట వదిలితే పడవంతా వదులవుతుంది. నాన్నగారు అంతా విని, “అయితే జిగురు మంచిది కొను” అని తేల్చేశారు.

జనవరి

మీటరు 13 చూపిస్తోంది. పని మొదలైంది.

అడుగు పలకలో పెట్టవలసిన ముక్క కోసం 5 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ తెచ్చాను. ఒకూమే కర్ర, మెరైన్ ప్లైవుడ్‌కు బ్రిటిష్ ప్రమాణమైన బీఎస్ 1088 ముద్ర ఉన్నది. ఈ ముద్ర గురించి అపోహలు ఎక్కువ. పొరల మధ్య జిగురు నీటికి చెదరదని, లోపలి పొరల్లో ఖాళీలు ఉండవని మాత్రమే దాని మీద భరోసా పెట్టుకోవచ్చు. ఒకూమే స్వతహాగా కుళ్లును తట్టుకునే కర్ర కాదు, టేకులో ఉండే నూనె గుణం దానికి లేదు, నీళ్లు దూరితే అదీ పాతదానిలాగే పోతుంది. ఊరికే ముద్రను నమ్మడం ఇష్టం లేక, కోయగా మిగిలిన తునకను వంటింట్లో పాత గిన్నెలో వేసి గంటసేపు మరిగించాను. పొరలు విడలేదు. గిన్నెను మళ్లీ వంటింట్లోకి రానివ్వనన్నారు ఇంట్లో, ఇక అది గరాజులోనే ఉంటుంది.

కొత్త ముక్కను పాత పలకకు అతికించడానికి రెండు దారులున్నాయి. రంధ్రానికి సరిపడా ముక్క కోసి పెట్టి లోపలి నుంచి మరో పట్టీ ఆనించి బిగించడం ఒకటి. ఇది తేలిక. కాని ఆ పట్టీ ఉన్నచోట పలక వంగదు, దాని అంచుల దగ్గర ఒత్తిడి పేరుకుంటుంది, పట్టీ పక్కన నీళ్లు నిలుస్తాయి. రెండోది ఏటవాలు అతుకు: పాత పలక అంచునూ కొత్త ముక్క అంచునూ రెండింటినీ వాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి ఒదిగేలా జిగురు పెట్టడం. వాలు ఎంత ఉండాలంటే, ప్లైవుడ్‌కు మందానికి ఎనిమిది రెట్ల పొడవు సరిపోతుందని లెక్క. 5 మిల్లీమీటర్ల పలకకు 40 మిల్లీమీటర్ల వాలు అన్నమాట. నేను రెండోదే ఎంచుకున్నాను, ముక్క మూలలను కూడా గుండ్రంగా కోశాను, ఎందుకంటే పగుళ్లు మొదలయ్యేది కోసుగా ఉన్న మూలల నుంచే.

వాలు చెక్కడంలో ప్లైవుడ్ తానే కొలబద్ద అవుతుంది. చిన్న చిత్రికతో చెక్కుతూ పోతే ఒక్కొక్క పొర బయటపడుతుంది. ఒక పొర నిలువు పీచు లేతగా, తరువాతి పొర అడ్డపీచు ముదురుగా కనబడుతుంది, వాటి మధ్య జిగురు గీత సన్నగా నడుస్తుంది. వాలు సమంగా ఉంటే ఈ గీతలు అంచుకు సమాంతరంగా, తిన్నగా నడుస్తాయి. ఎక్కడైనా గుంట పడితే అక్కడ గీత ఒకవైపు వంగుతుంది, మిట్ట మిగిలితే మరోవైపు వంగుతుంది. పెన్సిలుతో గుర్తు పెట్టుకోవలసిన అవసరం లేదు, గీత వంకర పోయినచోట నాలుగు చెక్కులు తీస్తే చాలు. బెంచీ మీది ముక్కకు ఈ పని హాయిగా సాగింది. పడవ మీద, పలక వంపు తిరిగిన చోట, చిత్రిక ఆనక చదును చెక్కకు అంటించిన గరుకు కాగితంతో ముగించవలసి వచ్చింది.

జిగురు పని గురించి. ఇప్పుడు వాడుతున్న ఎపాక్సీకి ఐదు పాళ్ల రెజిన్, ఒక పాలు హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం). చలికాలం కాబట్టి త్వరగా గట్టిపడే రకం హార్డెనర్ తీసుకున్నాను. పాలియెస్టర్ అలవాటున్నవాళ్లు త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఒక చుక్క ఎక్కువ వేస్తారు, ఎపాక్సీలో ఆ వేషం చెల్లదు. ఇక్కడ హార్డెనర్ ప్రేరకం కాదు, రెజిన్‌తో కలిసి తానూ నిర్మాణంలో భాగమయ్యే పదార్థం, కొలత తప్పితే మిగిలిపోయినది అలాగే మెత్తగా ఉండిపోతుంది. కలిపినదాన్ని లోతు గిన్నెలో ఉంచితే తన వేడికి తానే పొగలు కక్కి గడ్డకడుతుంది కాబట్టి వెడల్పాటి పళ్లెంలో పలుచగా పోసుకోవాలి. చేతికి గ్లోవులు తప్పనిసరి. ఎపాక్సీ ఒంటికి ఒకసారి పడకుండా పోతే ఆ తరువాత జీవితాంతం పడకపోవచ్చు.

ముందుగా రెండు వాలుల మీదా చిక్కదనం లేని ఎపాక్సీ రాసి, కర్ర తాగినంత తాగనిచ్చాను. ముఖ్యంగా పొరల కొసలు దాహంతో ఉంటాయి, వాటిని తడపకుండా పెడితే అతుకులోని జిగురును పీల్చేసుకొని అతుకును ఎండబెడతాయి. ఆ తరువాత సిలికా పొడి కలిపి గారెల పిండంత గట్టిగా చేసిన ఎపాక్సీ పట్టించి, ముక్కను కూర్చోబెట్టి, పైనా కిందా ప్లాస్టిక్ కాగితం పరచిన చెక్కల మధ్య బిగించాను. మరీ బిగిస్తే జిగురంతా బయటికి కక్కేస్తుంది, అంచుల వెంట సన్నని ధార కనబడగానే ఆపేయాలి. రాత్రంతా హీటరు వదిలి, మర్నాడు సాయంత్రం చెక్కలు విప్పాను. చేత్తో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియలేదు. స్క్రూడ్రైవర్ పిడికి కూడా తెలియలేదు, చుట్టుపక్కల పలకా ముక్కా ఒకే గొంతుతో పలికాయి.

ఫిబ్రవరి

ట్రాన్సమ్ ముక్క, డాగర్‌బోర్డు పెట్టె కింది అంచు అదే పద్ధతిలో అయిపోయాయి. ఊడదీసిన అతుకుల దగ్గర లోపలి మూలను చిక్కటి ఎపాక్సీతో గుండ్రంగా నింపి, దాని మీద 75 మిల్లీమీటర్ల గాజునార పట్టీ వేశాను. మూల కోసుగా ఉంటే గాజునార అందులో ఒదగదు, గాలి బుడగ మిగిలిపోతుంది. పాత చెంచా వెనక భాగం ఈ గుండ్రాన్ని దిద్దడానికి చక్కగా సరిపోయింది. నింపినది పూర్తిగా గట్టిపడక ముందే పట్టీ వేస్తే రెండూ ఒకటిగా అతుక్కుంటాయి, మధ్యలో గరుకు చేసే పని ఉండదు. ఎపాక్సీ చల్లటి తడి గాలిలో గట్టిపడితే పైన మైనం లాంటి జిడ్డు పొర తేలుతుంది. దాన్ని ముందు నీళ్లతో, గరుకు స్పాంజితో కడిగి, ఆ తరువాతే రాకాలి. కడగకుండా రాకితే జిడ్డు కాస్తా గీతల్లోకి దిగి, తరువాత వేసే రంగును పట్టనివ్వదు.

మరలు బిగించే రంధ్రాల సంగతి కూడా ఈ నెలలోనే తేల్చాను. అడుగు పట్టీలకు, చుక్కాని కొక్కేలకు ఉన్న ప్రతి రంధ్రాన్నీ మర కంటే రెట్టింపు వెడల్పుకు తొలిచి, చిక్కటి ఎపాక్సీతో పూర్తిగా నింపి, గట్టిపడ్డాక దాని నడుమ మరకు సరిపడే కొత్త రంధ్రం వేశాను. ఇక మర కదిలినా నీళ్లు కర్రను తాకవు. ఇది విసుగు పుట్టించే పని. అయినా ఈ మొత్తం మరమ్మతులో ఒక్కటే చేయగలిగితే ఏది చేస్తావని ఎవరైనా అడిగితే దీన్నే చెబుతాను.

ముందు డెక్కు మీద మాస్ట్ దిమ్మె చుట్టూ నల్లబడిన భాగం పైపొర వరకే. మిర్రర్ మాస్ట్ డెక్కు మీదే నిలుస్తుంది, దాని ఒత్తిడి కింది అడ్డుగోడ మీదుగా అడుగుకు దిగుతుంది. ఆ అడ్డుగోడ మీద తట్టి చూశాను, గట్టిగా ఉంది. దిమ్మె తీసి, డెక్కు ఆరబెట్టి, నింపి, తిరిగి కూర్చోబెట్టాను.

మార్చి

బయట గాలి మెత్తబడింది. పడవ అంచు వెంట బిగించే పట్టీ కుడివైపు రెండుచోట్ల చీలి ఉంటే, ఆ రెండు ముక్కలు మాత్రం సపేలీ కర్రతో మార్చాను. కొత్త కర్ర రంగు పాతదానితో కలవదు, రెండు మూడు వేసవులు ఎండ తగిలితే కలుస్తుందో లేదో చూడాలి. రంగు సరిపోలడం కోసం బాగున్న పట్టీని కూడా మార్చేయడం నాకు ఇష్టం లేదు.

బయటి రంగు విషయంలో రెండు డబ్బాలు కలిపి వేసే పాలియురెథేన్ మన్నిక ఎక్కువ ఇస్తుంది కాని దానిలోని ఐసోసైనేటు అనే హానికర రసాయనం పిల్లలున్న ఇంటి గరాజులో వద్దనుకొని, ఒకే డబ్బా రకం తెల్ల ఎనామిల్ తీసుకున్నాను. పాత రంగు తడిపి రాకడమే మంచిది, ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక దాని పొడి గాలిలో లేవకూడదు. ఇద్దరం కలిసి వేశాం. నేను స్పాంజి రోలరుతో పలుచగా దొర్లిస్తూ ముందుకు నడిస్తే, మా ఆవిడ వెనకనే మెత్తటి కుంచె కొసతో ఒకే దిశలో తేలిగ్గా లాగుతూ వచ్చింది. రోలరు వదిలిన బుడగలు ఆ కొస తాకగానే చితికి, గీతలు వాటంతటవే సర్దుకున్నాయి. తడి అంచు ఆరకముందే పక్క భాగాన్ని అందుకోవాలి కాబట్టి ఈ పని ఒక్కరితో కాదు. పూతకూ పూతకూ మధ్య తడి గరుకు కాగితంతో రాకాం.

లోపలా, డెక్కు మీదా వార్నిష్. ఎపాక్సీ పూసిన చోట కూడా వార్నిష్ తప్పదు, ఎందుకంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఎపాక్సీ పసుపెక్కి, సుద్దలా రాలిపోతుంది. వార్నిష్‌లో ఆ కిరణాలను అడ్డుకునే పదార్థం కలిపి ఉంటుంది. ఉత్త కర్ర మీద మొదటి పూతను పలుచన చేసి పట్టించాను, తరువాతివి డబ్బాలోని చిక్కదనంతోనే. సాయంత్రం మంచు దిగే వేళకు పూత ముట్టుకుంటే అంటనంతగా ఆరి ఉండాలి, లేకుంటే తెల్లారేసరికి మెరుపు పోయి మబ్బు పడుతుంది. అందుకని ఉదయం పూట మాత్రమే పని.

ఏప్రిల్

ఇది గంటర్ అమరిక: పొట్టి మాస్ట్, దానికి ఆనుకొని దాదాపు నిటారుగా పైకి లేచే మరో కొయ్య. విప్పేస్తే అన్నీ పడవ పొడవులోనే ఇమిడిపోతాయి, కారు మీద కట్టుకొని పోవచ్చు. స్ప్రూస్ కొయ్యల మీద ఇనుప సామాను తగిలిన చోట నల్ల మచ్చలు. కర్రలోని టానిన్, తుప్పులోని ఇనుము కలిస్తే ఏర్పడే మచ్చలు అవి, కుళ్లు కాదు. ఆక్జాలిక్ ఆమ్లం గోరువెచ్చటి నీళ్లలో కరిగించి రాస్తే తేలిపోయాయి. అది విషం కనుక గ్లోవులు, కళ్లద్దాలు పెట్టుకొని, తరువాత నీళ్లతో బాగా కడిగి ఆరబెట్టాలి.

మాస్ట్‌ను పట్టి ఉంచే ఉక్కు తీగల మీద నూలుగుడ్డ జారవిడిచాను. తెగిన పోగు ఉంటే గుడ్డ అక్కడ తగులుకుంటుంది, చేతితో తడిమితే చర్మం చీరుతుంది. ఎడమ తీగకు కింది కొసలో తగులుకుంది. రెండూ ఒకే వయసువి కాబట్టి రెండింటినీ మార్చాను.

తెరచాపలు టెరిలిన్. బట్ట ఎరుపు వెలిసింది కాని గుడ్డ ఇంకా బిగువుగానే ఉంది. దారం సంగతి వేరు. అతుకు మీది కుట్టును బొటనవేలి గోటితో గట్టిగా గీకితే, ఎండ తినని చోట కుట్టు కదలలేదు, తెరచాప వెనక అంచు వెంట మాత్రం దారం పొడిపొడిగా రాలింది. బట్ట కంటే దారం ముందు చస్తుంది, అది బట్టలో ఇమడకుండా పైన తేలి ఉండడమే కారణం. ఆ అతుకులన్నిటినీ ఎండకు తట్టుకునే పాలియెస్టర్ దారంతో, ఇంటి మిషను మీద జిగ్‌జాగ్ కుట్టుతో మళ్లీ కుట్టాం. పోటీలకు వెళ్లేవాళ్లు ఈ తెరచాపను చూసి పెదవి విరుస్తారు. మాకు పోటీ ఉద్దేశం లేదు. హుస్సేన్ సాగర్‌లో లేజర్ రకం పోటీ పడవలు తిరిగే వేగం దీని నుంచి ఆశించి ఎవరూ మిర్రర్ కొనరు, తండ్రీ కూతుళ్లం ఇద్దరం కూర్చొని, గాలి లేకపోతే తెడ్లు వేసుకొని ఇంటికి రాగలిగితే చాలు.

మే

చివరి పరీక్ష గాలి ట్యాంకులది. నీళ్లలోకి దించి ముంచి చూసే ముందు ఇంట్లోనే సబ్బునీళ్లతో చూసుకోవడం మేలు. ట్యాంకు మూత రంధ్రానికి గొట్టం బిగించి, పారదర్శకమైన మరో గొట్టాన్ని యూ ఆకారంలో వంచి, అందులో రంగునీళ్లు పోసి, లోపలి ఒత్తిడి ఎంత పెరిగిందో ఆ నీటిమట్టంలోనే చదివాను. ఊదింది నోటితోనే. సైకిలు పంపు వాడేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి: నీటిమట్టం 5 సెంటీమీటర్లు లేచిందంటే అర చదరపు మీటరు పలక మీద దాదాపు 25 కిలోల తోపు పడుతుంది. పంపు పట్టుకొని నాలుగు సార్లు కొడితే, బాగుచేసిన అతుకును మన చేతులతో మనమే ఊడదీసుకున్నట్టు.

ముందు ట్యాంకు, రెండు పక్క ట్యాంకులూ నిలిచాయి, నీటిమట్టం కదల్లేదు. వెనక ట్యాంకులో మట్టం నెమ్మదిగా పడిపోతూ వచ్చింది. కొత్త ముక్క అంచుల వెంట సబ్బునీళ్లు రాసి చూస్తే ఒక్క బుడగ రాలేదు. చుక్కాని కింది కొక్కెం బోల్టు తల దగ్గర మాత్రం చిన్న చిన్న బుడగలు గొలుసుకట్టుగా లేచాయి. బోల్టు తీసి, సీలెంటు పూసి, మళ్లీ బిగించి ఊదితే మట్టం నిలిచింది. తొట్టి బరువు మళ్లీ తూచాను, 49 కిలోలు.

రెడింగ్ దగ్గర థేమ్స్‌లోకి దించాలంటే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ దగ్గర పడవను నమోదు చేయించాలి, ఆ దరఖాస్తు పంపాను. ఇతరులకు నష్టం జరిగితే చెల్లించే బీమా కూడా తీసుకున్నాను. ఇక మిగిలినవి తెడ్ల కొక్కేలకు కొత్త తోలు, పగిలిన ఒక ట్యాంకు మూత, డాగర్‌బోర్డు పైకి తేలిపోకుండా పట్టే రబ్బరు తాడు. మూత పోస్టులో రావలసి ఉంది. అది వచ్చేదాకా పడవను మూతలు తీసి, తిన్నగా గాలి ఆడేలా గరాజులోనే ఉంచుతున్నాను.